దూదితో కట్టిన భీకర ముఖము

మన ఆలంకారికులు భయానకమును రసములలో ఒకటిగా ఏనాడో లెక్కించిరి. ఆంగిక, వాచిక, సాత్త్వికములతోబాటు ఆహార్యమును కూడ అభినయముగా పరిగణించిరి. వేషము నటునిపై కప్పిన తొడుగు మాత్రమే కాదనియు, అదియు తన పద్ధతిలో మాటలాడుననియు దీని భావము. ఈ మాటకు గొప్ప నిదర్శనమొకటి మన రంగస్థలమునకు మిక్కిలి దూరమున, అమెరికాలోని యూనివర్సల్ స్టూడియోలో తయారై, 1931వ సంవత్సరము నవంబరు మాసమున విడుదలయిన "ఫ్రాంకెన్‌స్టయిన్" అను చలనచిత్రమున కలదు. ఆ చిత్రము వచ్చి తొంబది యేండ్లు దాటినను, అందలి భూతము ముఖము లోకమునకు నేటికిని పరిచితమే. చదునైన నడినెత్తి, ముందుకు పొడుచుకొని వచ్చిన నొసలు, సగము మూతపడిన కన్నులు, మెడకు రెండు ప్రక్కల ఇనుప మేకుల వంటివి. చిత్రమును చూడని బాలురు సైతము ఈ రూపమును గుర్తింతురు. ఈ ముఖము ఎట్లు పుట్టినదో, దానిని తెరపై ఏ విధముగా నిలిపిరో, ఆ నిలుపుటలో ఏ న్యాయమున్నదో నేడు విచారింతము.

కథ చిత్రముకన్న చాల పాతది. 1816వ సంవత్సరపు వేసవిలో జెనీవా సరస్సు తీరమున మిత్రులు కొందరు చేరి, తలకొక దయ్యపు కథ వ్రాయవలెనని పందెము వేసికొనిరి. వారిలో మేరీ అను పదునెనిమిదేండ్ల యువతి మొదలుపెట్టిన కథ పెరిగి పెద్దదై, 1818లో రచయిత్రి పేరు లేకుండనే నవలగా అచ్చయినది. విక్టర్ ఫ్రాంకెన్‌స్టయిన్ అను యువకుడు మృతదేహముల అవయవములను కూర్చి ఒక ప్రాణిని సృష్టించును. అది కన్ను తెరచిన క్షణముననే దాని రూపమును చూచి అసహ్యించుకొని పారిపోవును. సృష్టికర్త విడిచిన ఆ ప్రాణి ఏమయినదన్నదే కథ. ఫ్రాంకెన్‌స్టయిన్ అనునది సృష్టించినవాని పేరు. సృష్టింపబడిన దానికి పేరే లేదు. లోకము మాత్రము ఆ పేరును భూతమునకే అంటగట్టినది.

ఈ పేరులేమి రంగస్థలమునకు కూడ ఎక్కినది. 1823లో లండనులో ఈ కథను నాటకముగా ఆడినపుడు, కరపత్రమున ఆ పాత్రకెదుట పేరునకు బదులు ఉత్త గీతలే అచ్చువేసిరి. నాటకమును చూడవచ్చిన మేరీ షెల్లీకి ఆ యేర్పాటు నచ్చినది. నూటయెనిమిది సంవత్సరముల తరువాత యూనివర్సల్ వారు తమ చిత్రపు తొలి పేర్లపట్టికలో భూతపాత్రకెదుట ఒక ప్రశ్నార్థకమును ఉంచిరి. నటుని పేరు చిత్రము ముగిసిన పిమ్మటనే కనిపించును. ఇది ప్రేక్షకుని ఉత్కంఠను పెంచుటకు వ్యాపారులు పన్నిన ఉపాయమే కావచ్చును. అయినను ముఖము వెనుక మనిషి ఎవరన్న ప్రశ్న ఈ కథను ఆదినుండియు వెన్నాడుచునే యున్నది.

చలనచిత్రమునకు ఈ కథ 1931లో క్రొత్త కాదు. 1910లోనే ఎడిసన్ కంపెనీ వారు ఒక చిన్న మూగచిత్రమును తీసిరి. అందు భూతము ఒక పెద్ద కొప్పెరలో పుట్టును. ఒక బొమ్మను తగులబెట్టి, ఆ ఫిలిమును వెనుకకు నడిపించి, బూడిదనుండి శరీరము రూపొందునట్లు చూపిరి. యుక్తి మెచ్చదగినదే. కాని ఆ భూతము ముఖము ఎవరికిని జ్ఞాపకము లేదు. చిందరవందర జుట్టు, వికృతమైన రంగుపూత, అంతే. భయపెట్టుటకు వికారము చాలునని నాటివారు తలచిరి. వికారము క్షణకాలము భయపెట్టును. వెంటనే నవ్వు పుట్టించును. ముఖము మనస్సులో నిలువవలెనన్న దానికొక కారణము, ఒక తర్కము కావలెను.

ఆ తర్కమును కనుగొన్నవాడు జాక్ పియర్స్. గ్రీసు దేశమున పుట్టి, అమెరికాకు వచ్చి, బేస్‌బాల్ ఆటగాడు కావలెనని కలలు గని, తుదకు స్టూడియోలలో చేరి యూనివర్సల్ వారి మేకప్ శాఖకు అధిపతి అయినవాడు. 1928లో "ది మాన్ హూ లాఫ్స్" అను చిత్రమున కాన్రాడ్ వైట్ అను నటునికి ఎన్నడును చెరగని నవ్వుముఖమును కల్పించి పేరు గాంచెను. ఫ్రాంకెన్‌స్టయిన్ పని చేతికి రాగానే ఆయన రంగుడబ్బా తెరువలేదు. శస్త్రచికిత్సను గూర్చియు, శరీరనిర్మాణమును గూర్చియు చదువనారంభించెను. ఆయన వేసికొన్న ప్రశ్న ఇది: ఈ కథలోని యువకుడు శాస్త్రజ్ఞుడే గాని ఆరితేరిన శస్త్రవైద్యుడు కాడు. అట్టివాడు ఒక తలలో మెదడును పెట్టవలెనన్న సులభమైన మార్గమేది? పుఱ్ఱె పైభాగమును కుండమూత వలె అడ్డముగా కోసి, తెరచి, మెదడు నుంచి, తిరిగి మూసి, లోహపు కొక్కెములతో బిగించును. కనుకనే ఆ తల చదునుగా నున్నది. కనుకనే నొసటిపై గాటును, కొక్కెములును ఉన్నవి. విద్యుచ్ఛక్తితో ప్రాణము పోసినారు గనుక ఆ శక్తి ప్రవేశించుటకు మెడయందు రెండు కొసలున్నవి. లోకము వానిని మరమేకులని పిలుచుచున్నది గాని, పియర్స్ ఉద్దేశమున అవి విద్యుత్తు లోనికి పోవు ద్వారములు.

ఈ విధముగా ఆ ముఖముపై ప్రతి గీతకును ఒక కథ కలదు. అది రాక్షసుని ముఖము కాదు. ఒక మనిషి చేతగానితనముతో, తొందరపాటుతో చేసిన పనికి సాక్ష్యము. ఆ ముఖమును చూచునపుడు మనము చూచుచున్నది భూతము యొక్క దుర్మార్గమును కాదు, దానిని చేసినవాని చేతిపనిని. మా దృష్టిలో పియర్స్ సాధించిన గొప్పతనము ఇదియే.

ఇక ఆ ముఖమును మోసిన నటుని మాట. బోరిస్ కార్లాఫ్ అనునది రంగస్థలనామము. అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887లో లండను నగరమున జన్మించెను. ఆయన తండ్రి బ్రిటిషు ప్రభుత్వము నాటి మన దేశమున ఉప్పు పన్నుల శాఖలో ఉద్యోగము చేసినవాడు. కుటుంబమువారు కుమారుని కూడ ప్రభుత్వోద్యోగమునకే ఉద్దేశింపగా, అతడు కెనడాకు పోయి ఊరూర తిరుగు నాటకసమాజములలో చేరెను. హాలీవుడ్ చేరిన పిమ్మట పది సంవత్సరములకు పైగా చిన్న వేషములతోనే కాలము గడిపెను. వేషములు లేనపుడు లారీ నడిపి పొట్టపోసికొనెను. దర్శకుడు జేమ్స్ వేల్ స్టూడియో భోజనశాలలో ఆయనను చూచి, ఆ తల నిర్మాణమునకు ఆకర్షితుడై కబురు పంపెను. అప్పటికి కార్లాఫ్ వయస్సు నలుబదిమూడు దాటినది.

మేకప్ వేయుటకు ప్రతిదినము దాదాపు నాలుగు గంటలు పట్టెడిది. నేటివలె రబ్బరు అచ్చులో పోసి తలకు తగిలించు సౌకర్యము నాడు లేదు. దూదిని పొరలు పొరలుగా పేర్చుచు, కలోడియన్ అను ఘాటైన ద్రవముతో అతుకుచు, నొసటిని ఏ రోజున కారోజు మొదటినుండి కట్టవలెను. దానిపై ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు పూయుదురు. నలుపు తెలుపు ఫిలిముపై ఆ రంగు శవమువలె పాలిపోయి కనిపించును. సాయంకాలము ఆ పూతను ఊడదీయుట కూడ గంటకు మించిన బాధ. పైకి చిక్కని దుస్తులు, లోపల బొంత; పాదములకు తారు రోడ్డు వేయు కూలీలు తొడుగు బరువైన బూట్లు. చొక్కా చేతులను పొట్టిచేసి కుట్టుటచే ముంజేతులు అసహజమైన పొడవుతో వ్రేలాడును. చిత్రీకరణ ఆగస్టు చివరను ఆరంభమై అక్టోబరు మొదటివరకు సాగినది. కాలిఫోర్నియాలో అవి మండుటెండల దినములు.

ముఖము పూర్తియైనదని అందరును తలచిన తరుణమున కార్లాఫ్‌కు ఒక సందేహము కలిగెను. అప్పుడే పుట్టిన ప్రాణికి ఇంత తెలివి నిండిన కన్నులుండునా? పియర్స్ వెంటనే కనురెప్పలపై మైనము పూసి బరువెక్కించెను. కన్నులు సగము వాలినవి. కార్లాఫ్ నోటిలో ఒక ప్రక్కన కట్టుడుపండ్లుండెను. వానిని తీసివేయగా ఆ చెంప లోనికి పోయి, నీడ పడినది. దర్శకుడు చిత్రలేఖనము తెలిసినవాడగుటచే తానును కొన్ని రేఖాచిత్రములు గీసి ఇచ్చెను. ఈ రూపము ఎవరిదన్న వాదము తరువాతి కాలమున చాల జరిగినది. మా మట్టుకు, ముగ్గురి చేతులును పడినవనుటయే న్యాయముగా తోచును.

ఇచట గమనింపవలసినది మరియొకటి కలదు. పియర్స్ నొసటిని కప్పెనే గాని చెంపలను, నోటిని, పెదవులను చాలవరకు విడిచిపెట్టెను. ముఖమంతయు కప్పియున్నచో అది ముసుగు అయ్యెడిది. విడిచిపెట్టిన భాగమున నటుడు బ్రతికినాడు. కళలో కప్పుట ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగవలెనో తెలియుట అంతకన్న ముఖ్యము.

ఆహార్యము ఇంత చేసిన తరువాత దృశ్యరచన చేయవలసినది మిగిలియున్నది. జేమ్స్ వేల్ ఇంగ్లండు దేశస్థుడు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికాధికారిగా పోయి, జర్మనులకు బందీగా చిక్కి, బందీల శిబిరములోనే తోటివారితో నాటకములాడించి ఆ విద్యను అభ్యసించినవాడు. శవములను, గోతులను, బురదను కన్నులారా చూచినవాడు. చిత్రము శ్మశానమున ఒక సమాధి క్రియతో ఆరంభమగును. గంట మ్రోగుచుండును, ఆడువారు ఏడ్చుచుందురు, పెట్టెపై మన్ను పడిన చప్పుడు వినబడును. ఆ మన్ను వేసినవారు వెడలిపోగానే శాస్త్రజ్ఞుడు అదే మన్నును త్రవ్వి తీయును. త్రవ్వుచు అతడు విసరిన పారెడు మన్ను అచట నిలిపిన మృత్యువు ప్రతిమ ముఖముపై పడును. మాటలేవియు లేకయే అతని అహంకారమంతయు ఆ ఒక్క చేష్టలో చెప్పబడినది.

ఆ శ్మశానము నిజమైనది కాదు. స్టూడియోలో కట్టిన సెట్టు. ఆకాశము తెరపై వ్రాసినది. వంగిన శిలువలు, ఏటవాలు గోడలు, పొడవైన నీడలు. వీనియందు 1920 ప్రాంతపు జర్మను మూగచిత్రముల ప్రభావము స్పష్టముగా కనబడును. ప్రయోగశాలలో మెరుపులు చిమ్ము యంత్రములను కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ అను విద్యుత్ నిపుణుడు కూర్చెను. 1974లో ఈ కథపై హాస్యచిత్రము తీసినపుడు కూడ ఆయన యంత్రములనే వాడిరి. మరొక విశేషమేమన, మొదటను చివరను తప్ప చిత్రమున నేపథ్యసంగీతము లేదు. మాటలాడు చిత్రములు వచ్చి కొద్ది సంవత్సరములే అయినది. ఆ మౌనములో అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనుట, ఉరుము, ఇవియే సంగీతమైనవి. రేడియో వినువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కంటికి కనబడని దానిని చెవి ఎంత పెద్దది చేయగలదో వారెరుగుదురు.

భూతము ముఖమును మొదట చూపు తీరు గమనింపుడు. ముందు అడుగుల చప్పుడు. గదిలో ఇద్దరు మనుష్యులు దీపమార్పి ఎదురు చూచుచుందురు. తలుపు తెరచుకొనును. భూతము ముందుకు నడచి రాదు. వీపు మన వైపున ఉంచి వెనుకకు అడుగులు వేయుచు వచ్చును. మెల్లగా తిరుగును. అప్పుడు ముఖము కనబడును. వెంటనే మరింత దగ్గరగా, మరల ఇంకను దగ్గరగా, కెమేరా రెండు మూడు దూకులలో ఆ కన్నుల యెదుటకు పోయి నిలుచును. అరుపు లేదు, సంగీతము లేదు. చూపించువాడు తొందరపడడు, చూచువానికి తల త్రిప్పుకొను వ్యవధి ఇయ్యడు.

ఆ భయము తగ్గకముందే వేల్ మరొక దృశ్యమును చూపును. శాస్త్రజ్ఞుడు పైకప్పులోని గవాక్షమును తెరచును. చీకటిలో పెరిగిన ఆ ప్రాణి తలయెత్తి, మొదటిసారి వెలుగును చూచి, రెండు చేతులు పైకెత్తి దానిని పట్టుకొనబోవును. గవాక్షమును మూసివేయుదురు. వెలుగు పోవును. ఆ చేతులు మెల్లగా క్రిందికి దిగి, మరల ఇమ్మని యాచించునట్లు చాచబడును. చంటిబిడ్డ చందమామకై చేయి చాచుట చూడని ఇల్లు మనలో ఉండదు. కార్లాఫ్ ఆ క్షణమున చేసినది అదియే. నవలలోని భూతము అనర్గళముగా మాటలాడును, గ్రంథములు చదువును. చిత్రములోని భూతమునకు భాష లేదు. దాని వాచికమంతయు ఆ రెండు చేతులలోనే కలదు.

సరిగా అప్పుడే ఫ్రిట్జ్ అను పరిచారకుడు కాగడాతో పరుగెత్తి వచ్చును. ఆకాశమునుండి వచ్చిన వెలుగు ఓదార్పయినది. మనిషి చేతిలోని వెలుగు హింస అయినది. భూతము బెదరి పెనుగులాడగా దానిని కట్టివేయుదురు. ఫ్రిట్జ్ కొరడాతోను, కాగడాతోను దానిని హింసించి ఆనందించును. తుదకు అతడు దాని చేతిలో చచ్చును. ఇచట చిత్రమున రెండు వాదములు ఎదురెదురుగా నిలుచున్నవి. కథ వ్రాసినవారు, ఆ భూతమునకు పెట్టినది నేరస్థుని మెదడు గనుక అది క్రూరమైనదని చెప్పుటకు ఒక సన్నివేశమును కల్పించిరి. దర్శకుడు తీర్చిన దృశ్యము మాత్రము వేరొక మాట చెప్పుచున్నది: అది క్రూరముగా పుట్టలేదు, కొట్టుటచే క్రూరమైనది. పుట్టుకవలన మనిషి దుష్టుడగునా, లోకము చూపిన ఆదరణవలన అగునా అన్నది చిన్న ప్రశ్న కాదు. మేకప్‌ను, కెమేరాను, వెలుగును నమ్మినవారికి రెండవ సమాధానమే దొరకును.

ఈ వాదము ఎంత సున్నితమైనదో సెన్సారువారి కత్తెర నిరూపించినది. సరస్సు ఒడ్డున మరియా అను చిన్న బాలిక భూతమును చూచి భయపడదు. చేయి పట్టుకొని కూర్చుండబెట్టి, పువ్వులిచ్చి, వానిని నీటిలో విసరి తేలునట్లు చేయు ఆట నేర్పును. ఆ ముఖమున మొదటిసారి నవ్వు వికసించును. పువ్వులు అయిపోవును. అందమైనవన్నియు నీటిపై తేలునని తలచిన ఆ అమాయకుడు బాలికను కూడ ఎత్తి నీటిలో వేయును. ఆమె తేలదు. తాను చేసినదేమో తెలియక అతడు తల్లడిల్లి పారిపోవును. బాలికను విసరుట కార్లాఫ్‌కు ఇష్టము లేకుండెననియు, కథకు అది తప్పదని వేల్ పట్టుబట్టెననియు ప్రసిద్ధి.

1930ల దశకములో నియమములు కఠినమైన పిమ్మట, చిత్రమును మరల విడుదల చేయునపుడు ఆ విసరుటను కోసివేసిరి. భూతము బాలికవైపు చేతులు చాచుటతో దృశ్యము ఆగిపోవును. తరువాత పెండ్లి సంబరములలో మునిగియున్న వీధి గుండ తండ్రి తన బిడ్డ శవమును మోసికొని వచ్చును. అతడు నడచిన కొలది ఇరువైపుల ఆటపాటలు ఆగిపోవుచుండును. నడుమ ఏమి జరిగినదో ప్రేక్షకుడు ఊహించుకొనవలెను. ఆ ఊహ అసలు దృశ్యముకన్న అనేక రెట్లు హేయమైనది. పిల్లవాని వంటి పొరపాటు కాముకుని ఘాతుకమువలె తోచినది. దయతో చేసినట్టి ఆ కోత ఆ ప్రాణికి తీరని అన్యాయము చేసినది. 1980ల దశకమున ఆ ఫిలిము ముక్క దొరకి తిరిగి చేర్చబడువరకు, దాదాపు అర్ధశతాబ్దము ప్రేక్షకులు ఈ అన్యాయపు తీర్పునే వినిరి. కొన్ని క్షణముల ఫిలిము ఒక పాత్ర శీలమునే మార్చగలదన్న మాట!

చివర గ్రామస్థులు కాగడాలతో భూతమును తరిమి ఒక పాత గాలిమరలో చిక్కించుకొందురు. అచట సృష్టికర్తయు, సృష్టియు ఒక పెద్ద పండ్లచక్రమునకు ఇరువైపుల నిలిచి ఒకరినొకరు చూచుకొందురు. చక్రము తిరుగుచుండగా దాని సందులనుండి ఒకమారు ఈ ముఖము, ఒకమారు ఆ ముఖము కనబడును. ఏది మనిషి ముఖము, ఏది భూతము ముఖము అన్న భేదము ఆ తిరుగుడులో కొంత చెదరిపోవును. పిమ్మట గాలిమరకు నిప్పు పెట్టుదురు.

చిత్రము విజయము పొందినది. యూనివర్సల్ స్టూడియో ఆ ముఖమును తన ఆస్తిగా కాపాడుకొన్నది. 1957లో ఇంగ్లండునందలి హామర్ కంపెనీ ఇదే కథను తీసినపుడు, పియర్స్ కల్పించిన రూపమును అనుకరింపరాదు గనుక క్రిస్టఫర్ లీకి పూర్తిగా వేరొక ముఖమును కల్పింపవలసి వచ్చినది. నవల అందరిది, ముఖము మాత్రము కంపెనీది. అయినను ఆ ముఖమును చేసినవారికి దక్కినదేమి? తొలి ప్రదర్శనోత్సవమునకు కార్లాఫ్‌కు పిలుపే రాలేదు. బరువైన వేషముతో కోలిన్ క్లైవ్‌ను మోసికొని పరుగెత్తిన శ్రమ ఆయన వెన్నును దెబ్బతీసినది. ఆ నొప్పి జీవితాంతము వదలలేదు. గంటలకు లెక్కలేని ఇట్టి చాకిరిని అనుభవించినవాడగుటచేతనే కాబోలు, 1933లో నటుల సంఘము స్థాపింపబడినపుడు దాని ఆద్యసభ్యులలో ఆయన ఒకడయ్యెను. పియర్స్ 1932లో "ది మమ్మీ", 1941లో "ది వుల్ఫ్ మాన్" చిత్రములకు కూడ రూపకల్పన చేసెను. కాని రబ్బరు అచ్చులతో త్వరగా పని ముగించు రోజులు రాగా, 1940ల దశకపు ఉత్తరార్ధమున స్టూడియో ఆయనను సాగనంపినది. 1968లో ఆయన మరణించెను. మేకప్ కళకు ఆస్కార్ బహుమానము ప్రతియేటను ఇయ్యవలెనను నియమము 1981వ సంవత్సరపు చిత్రములనుండి గాని రాలేదు.

కార్లాఫ్ మాత్రము తన భూతమును ఎన్నడును ద్వేషింపలేదు. తన భాగ్యమంతయు ఆ పాత్రవలననే కలిగినదని చెప్పుకొనుచుండెను. ఆ చిత్రము చూచిన పిల్లలు భూతమునకు భయపడుటకు బదులు జాలిపడి తనకు ఉత్తరములు వ్రాసిరని ఆయన సంతోషించెడివాడు. పెద్దలు నొసటిని చూచిరి. పిల్లలు చేతులను చూచిరి. ఎప్పుడైన ఈ చిత్రము మన పాఠకులకు చూడ తటస్థించినచో, గవాక్షము మూసివేసిన పిమ్మట వెలుగుకొరకు చాచిన ఆ చేతులను మరువక గమనింపుడని మా మనవి. నాలుగు గంటలు శ్రమించి దూదితో కట్టిన ఆ ముఖమంతయు ఆ రెండు చేతుల మాట మనకు వినిపించుటకే.